సాంబ్రాణికీ అదే నొప్పి, ప్రార్థన నూనెకూ అదే నొప్పి

వందనాలు చెప్పే ముందు ఒక మనవి సహోదరులారా, ఆ కిటికీల పక్కన కూర్చున్న వాళ్లు దయచేసి రెక్కలు బార్లా తెరవండి, ముందు వరుసలో బాడీ స్ప్రే కొట్టుకుని వచ్చిన తమ్ముళ్లు కొంచెం వెనక్కి జరగండి, మీ మీద నాకేమీ కోపం లేదు, మీరు బంగారం లాంటి పిల్లలు, కానీ నేను ఈ మైకు పట్టుకుని చివరిదాకా నిలబడాలి కదా! హా, ఇప్పుడు గాలి వస్తోంది. ప్రభువును ప్రేమించే మీకందరికీ నా వందనాలు, ఇంతవరకు నన్ను కాచిన దేవునికే మహిమ!

నా పేరు ఎస్తేరు. మీ కోదాడ సంఘంలో మీ అందరికీ తెలిసిన మార్తమ్మ నాకు సొంత అక్క, అదిగో, నేనేం చెప్పి పరువు తీస్తానో అని నా వైపే చూస్తోంది. నేనుండేది సూర్యాపేటలో. అక్కడ ఒక పెద్ద బట్టల దుకాణంలో పట్టుచీరలు చూపించే పని నాది. మా ఆయన మిర్యాలగూడలో రైస్ మిల్లు లారీ నడుపుతాడు, ఆదివారాలే ఇంటికి వస్తాడు, ఆయన జీతమంతా మా అత్తమ్మ మందులకే పోతుంది. ఇద్దరు ఆడపిల్లల చదువు, ఇంటి కిరాయి, తిండి, అన్నీ నా ఉద్యోగం మీదే నడుస్తున్నాయి. అది పోతే మేం రోడ్డున పడతాం, ఆ భయం ఒక్కటి మనసులో పెట్టుకుని మిగతాది వినండి.

నాకు తలనొప్పి. మీలో సగం మంది ఇప్పుడే 'ఓస్, తలనొప్పేనా' అనుకున్నారు, నాకు తెలుసు, ఆ 'ఓస్' వినీ వినీ నా ప్రాణం విసిగిపోయింది! అది మామూలు నొప్పి కాదు అక్కలారా. ముందు కళ్లలో మెరుపులు మొదలవుతాయి, చీర అంచు మీద మెరిసేది జరీయో నా కంట్లో మెరుపో తెలియదు, తర్వాత ఎడమ కంటి వెనక నుంచి ఎవరో ఇనప మొల దిగేసినట్టు పోటు, వెలుతురు చూడలేను, చప్పుడు వినలేను, కడుపులో ఉన్నదంతా బయటికి వస్తుంది, ఆ తర్వాత చీకటి గదిలో తడిగుడ్డ నెత్తికి కట్టుకుని పీనుగులా పడుకోవాలి. మరునాడు పనికి వెళ్తే 'నిన్న మంచిగ రెస్టు తీసుకున్నవా' అని అడుగుతారు. రెస్టట!

ఇదంతా వాసనలకు వస్తుంది. మంచి వాసనలకే వస్తుంది, అదే నా ఖర్మ అనుకునేదాన్ని! మురికి కాలువ పక్క నుంచి నడిచి వెళ్తే నాకేమీ కాదు, అత్తరు పూసుకున్న మనిషి పక్కన నిలబడితే మాత్రం నా పని అయిపోయినట్టే. అలాంటిదాన్ని తీసుకెళ్లి పట్టుచీరల సెక్షన్‌లో నిలబెట్టారు. పెళ్లి బట్టలు కొనడానికి వచ్చేవాళ్లు పెళ్లికి వెళ్లినట్టే తయారై వస్తారు, తల్లికొక సెంటు, కూతురికొక సెంటు, మేనత్తకు మల్లెపూల దండ, వాళ్లందరూ నేను చీరలు పరిచే పరుపు చుట్టూ గుమిగూడి 'గా నెమలిపింఛం రంగు తియ్యి, గది గాదు, దాని కిందిది' అంటుంటే నేను ఊపిరి బిగబట్టి చీరలు విప్పుతుంటాను. అది చాలదన్నట్టు మా సేటు నా నెత్తి మీద గోడకు ఒక మిషన్ బిగించాడు. మనిషి నొక్కే పని లేదు, దానంతట అదే ఉండుండి 'పుస్' అంటుంది, గులాబీ వాసన కొడుతుంది. ఏసీ కదా, కిటికీలు తెరవరు. ఆ 'పుస్' కోసం ఎదురుచూస్తూ చీర మడతలు మరిచిపోయిన రోజులున్నాయి.

ఇక సలహాలు! దేవుడు ఈ లోకంలో తలనొప్పి కన్నా సలహాలు ఎక్కువ పుట్టించాడు. చాయ్ తాగమని ఒకరు, చాయ్ మానెయ్యమని ఒకరు, కండ్లద్దాలు పెట్టుకోమని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు. నా పక్కన ఫ్యాన్సీ చీరలు చూపించే ధనలక్ష్మి అయితే చాలా మంచి మనసున్న పిల్ల, నేను కళ్లు మూసుకుంటే చాలు, నొప్పి బామ్ డబ్బా పట్టుకుని పరుగెత్తుకొస్తుంది. ఆ బామ్ వాసనతో నా నొప్పి రెట్టింపవుతుంది! 'వద్దు ధనా' అంటే, 'సిగ్గువడకక్కా, నేను పరాయిదాన్నా ఏంది' అని నుదుటి నిండా రుద్దేస్తుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో నాకు ఆ అమ్మాయి నేర్పింది, ప్రభువు ఆమెను దీవించును గాక!

మా ఆయన నన్ను మిర్యాలగూడలో ఒక డాక్టరుకు చూపించాడు. ఆయన అన్నీ విని, ఇది మైగ్రేన్ అమ్మా, కొందరికి వాసనలతో మొదలవుతుంది, నొప్పి రాగానే ఈ గోలీ వేసుకో, వాసనలకు మాత్రం దూరంగా ఉండు అన్నాడు. నేను ఆయన మొహం చూసి, 'ముక్కు ఇంట్ల వెట్టి పనికి పోవాల్నా సార్?' అన్నాను. ఆయన నవ్వాడు, నాకు నవ్వు రాలేదు. బయటికి వచ్చాక మా ఆయన, 'వాసనకు నెత్తి నొస్తదా ఎవరికన్న? ఈయనకేం దెల్వదు' అన్నాడు. నిజం చెప్తున్నాను, నాకూ నమ్మకం కుదరలేదు. మల్లెపూల వాసన జబ్బు తెస్తుందని మన ఇళ్లలో ఎవరన్నా ఎప్పుడన్నా చెప్పారా?

అప్పుడు మా అక్క ఫోన్ చేసింది. మా అక్కకు ప్రతిదానికీ జవాబుంటుంది. నొప్పి ఎప్పుడెక్కువ వస్తుందని అడిగింది, నేను ఆలోచించి శుక్రవారం పొద్దున ఎక్కువ అన్నాను, ఎందుకంటే శుక్రవారం మా దుకాణంలో పూజ చేస్తారు, అగరుబత్తి కట్ట మొత్తం వెలిగిస్తారు, సాంబ్రాణి పొగ ప్రతి సెక్షన్‌లో తిప్పుతారు. ఇంకేం! 'చూసినవా సెల్లే, విగ్రహాల పొగ తగలంగనే నీలో ఉన్నది లేస్తున్నది, అది నెత్తినొప్పి గాదు, దురాత్మ, మా పాస్టరు అయ్యగారితోని నూనె రాయించి ప్రార్థన చేయిద్దాం' అంది. నేను చిన్నప్పటి నుంచి ప్రార్థన చేసే మనిషిని, నాలో దురాత్మ ఎప్పుడు దూరింది, ఏ సందులోంచి దూరింది అని రాత్రింబగళ్లు అదే దిగులు. నొప్పి ఒకటి, దానికి తోడు ఈ భయం ఒకటి.

ఇక్కడ అక్క అలా అంటుంటే అక్కడ మా సేటు ఇంకొకటి అనుకుంటున్నాడు. పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యే ముందు ఒక శుక్రవారం పూజ ఘనంగా చేశారు, పొగకు గోడలు కనిపించడం లేదు, మమ్మల్నందరినీ వరుసగా నిలబెట్టారు. నేను కొంగుతో ముక్కు మూసుకున్నాను, అయినా ఆగలేదు, హారతి పళ్లెం నా ముందుకు వచ్చేసరికి నోటికి చేయి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాను. సందులో వాంతి చేసుకుని తిరిగి వచ్చేసరికి సేటు గల్లా దగ్గర నిలబడి ఉన్నాడు. కోపిష్టి కాదాయన, నెమ్మదస్తుడు, అందుకే ఆయన మొహం చూసి నాకు భయమేసింది.

'ఎస్తేరూ, నిన్ను దండం వెట్టుమని నేనెన్నడన్న అడిగిన్నా?' అన్నాడు. లేదు సేటు అన్నాను. 'బొట్టు వెట్టుకొమ్మన్ననా? ప్రసాదం తినుమన్ననా? నీ దేవుడు నీకు, నా దేవుడు నాకు అనుకున్న. గని అందరి ముంగట ముక్కు మూసుకొని ఉరుకుతవా? మా దేవుడంటే గంత అసహ్యమా నీకు?' అన్నాడు. తలనొప్పి సేటు అంటే, 'పూజప్పుడే వస్తదా నీ నెత్తినొప్పి? వచ్చే శుక్రవారం అందరితోని సమానంగ నిలవడతవా, నిలవడు. లేకుంటే ఇగ రాకు' అన్నాడు.

ఏం చెప్పమంటారు సహోదరులారా! పూజ పొగ తగిలి దయ్యం లేస్తోందని మా వాళ్లు, మా దేవుణ్ణి చీదరించుకుంటోందని సేటు వాళ్లు, నా నొప్పి మాత్రం నొప్పే అని ఒక్కరూ అనరు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయాను. ఆ వారంలోనే, గురువారం నాడు, ఈ మందిరంలో ఉపవాస ప్రార్థన ఉందని అక్క చెప్తే సెలవు పెట్టి కోదాడ బస్సెక్కాను. దారి పొడుగునా, ప్రభువా, రేపటి లోపల నన్ను విడిపించు, లేకపోతే నా పిల్లల గతి ఏమిటి అని ఏడుస్తూనే వచ్చాను. నా పక్క సీట్లో కూర్చున్నావిడ సెంటు పూసుకుని ఉందని వేరే చెప్పాలా!

ఆ రోజు ఇక్కడున్న వాళ్లకు జ్ఞాపకం ఉంటుంది. మీ సంఘంలో ఒక అలవాటుంది, ఎవరి ఇంటి నుంచి వాళ్లు నూనె సీసా తెచ్చి వేదిక ముందు పెట్టి మూతలు తీస్తారు, ప్రార్థన అయ్యాక ఆ నూనెనే రోగులకు రాస్తారు. మంచి అలవాటే. కానీ మా అక్క చేసిన పని వినండి! ఉత్త మంచినూనె తెస్తే దేవునికి తక్కువ చేసినట్టు ఉంటుందని, చెల్లెలి విడుదల కోసం కదా అని, అందులో గంధం సెంటు సీసా మొత్తం ఒంపింది, చాలలేదేమో అని గులాబీ అత్తరు కూడా కలిపింది. ప్రేమతోనే కలిపింది, నేను కాదనడం లేదు అక్కా, అలా చూడకు.

అయ్యగారు అరచేతి నిండా ఆ నూనె తీసుకుని నా నడినెత్తిన పెట్టారు. అది నుదుటి మీదుగా ముక్కు దాకా కారింది. అంతే! మెరుపులు, కంట్లో మొల, కడుపులో దేవడం, అన్నీ ఒక్కసారి. నేను 'అయ్యగారూ, వాసన, వాసన' అంటున్నాను. 'వదులు! వదిలి పో!' అని అయ్యగారు కేకలు. నేను పడిపోయాను, వాంతి చేసుకున్నాను, చుట్టూ ఉన్న అక్కలందరూ 'బయటికొస్తుంది, బయటికొస్తుంది, స్తోత్రం!' అని చప్పట్లు. నా అక్క ఆనందబాష్పాలతో ఇంకో గుప్పెడు నూనె తెచ్చి నా తల మీద పోసింది!

ఆ నేల మీద, ఆ గోలలో, కళ్లు తెరవలేక పడి ఉండి, జీవితంలో ఎన్నడూ చేయని ప్రార్థన చేశాను. మంచి మాటలతో చేసింది కాదు, కోపంతో చేసింది. 'ప్రభువా, ఇగ నాతోని అయితలేదు. ఆడ సేటోళ్ల పొగ పడదాయె, ఈడ నీ నూనె గూడ పడదాయె, ఇగ నేనేడికి పోవాలె? ఒక్కరన్న నా మాట నమ్ముతలేరు. నువ్వన్న నమ్ముతవా లేదా, సెప్పు!' అన్నాను. అలా అనకూడదని తెలుసు, అన్నాను.

సహోదరులారా, నాకు ఆకాశం నుంచి స్వరం వినబడలేదు, దర్శనం రాలేదు. నేను అడిగిన ప్రశ్నే నా లోపల మళ్లీ మోగింది. ఆడ పొగ పడదు, ఈడ నూనె పడదు. అదే కన్ను, అదే పోటు, అదే వాంతి. మరి ఇది దేవుని మందిరం కదా! ఇక్కడ విగ్రహం లేదు, హారతి లేదు, చుట్టూ ఆయన నామమే. దురాత్మ అయితే పొగకు లేచి నూనెకు పారిపోవాలి గానీ, రెండింటికీ ఒక్కలాగే ఎందుకు లేస్తుంది? ఆ డాక్టరు చెప్పింది నిజమన్నమాట, ఇది ఉత్త వాసన, నాలో ఏ దయ్యమూ లేదు! తల పగిలిపోతున్నా సరే, నా లోపల ఇన్నాళ్లుగా ఉన్న ఆ భయం అక్కడికక్కడే పోయింది. నేను ఏడుస్తూ నవ్వాను. దాన్ని చూసి వీళ్లంతా ఇంకా గట్టిగా స్తోత్రం చెప్పారు.

కాస్త తేరుకుని ముఖం కడుక్కున్నాక అయ్యగారి దగ్గరకు వెళ్లి, నూనె వాసన వల్లే అయ్యగారూ, మిర్యాలగూడ డాక్టరు ముందే చెప్పాడు అన్నాను. అయ్యగారు తన అరచేయి వాసన చూసుకున్నారు. 'మరి నాకు చెప్పొచ్చు కదమ్మా' అన్నారు. 'చెప్తనే ఉన్న గదయ్యగారూ, మీరు దయ్యంతోని మాట్లాడుతున్నరు, నాతోని గాదు' అన్నాను. అక్క నోరు నొక్కుకుంది. అయ్యగారు వేదిక ముందున్న సీసాలన్నింటికీ ఒక్కొక్కదానికీ తానే మూత పెట్టి, వచ్చి నా ముందు చేతులు జోడించి, 'నన్ను క్షమించమ్మా, ముందు నీకేం నొప్పో అడగాల్సింది' అన్నారు. అయ్యగారూ, మీరు ఇక్కడే కూర్చున్నారు, ఆ మాటకు నేను ఈ రోజు అందరి ముందు మీకు వందనం చెబుతున్నాను.

మరునాడు శుక్రవారం. పూజ మొదలు కాకముందే సేటు దగ్గరకు వెళ్లాను. 'సేటు, నిలవడుమంటే నిలవడ్త, గని ఒక్క మాట ఇను' అని ముందురోజు జరిగిందంతా చెప్పాను. మా మందిరంలో మా అయ్యగారు మా దేవుని పేరున రాసిన నూనెకు కూడా నేను ఇట్లాగే పడిపోయి వాంతి చేసుకున్నాను, మా దేవుడంటే కూడా నాకు అసహ్యమే అంటావా సేటు అని అడిగాను. ఆయన ముందు పకపకా నవ్వాడు. 'ఏందీ, మీ దేవుని నూనె గూడ వడదా నీకు!' అని గల్లా మీద చేత్తో కొట్టి మరీ నవ్వాడు. నవ్వి నవ్వి ఉన్నట్టుండి ఆగిపోయాడు. అగ్గిపెట్టె చేతిలోనే ఉంది.

'మా ఇంట్ల సుజాత గూడ గిట్లనే అంటది' అన్నాడు మెల్లగా. సుజాతమ్మ ఆయన భార్య. 'శుక్రారం పూజ కాంగనే తలుపేసుకొని పంటది. పని దప్పిచ్చుకునేటందుకు నాటకం అనుకున్న. కొడుకు పెండ్లీడుకొచ్చిండు, గిప్పటిదాంక గట్లనే అనుకున్న' అన్నాడు. ఆయన అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని, వెనక తలుపు తానే తెరిచి, నన్ను బయట నిలబడమన్నాడు. పూజ అయి పొగ పోయాక తానే వచ్చి పిలిచాడు.

అప్పటి నుంచి శుక్రవారం పూజ మేమెవరం రాకముందే అయిపోతుంది. గోడ మీది మిషన్ తీసేశారు. నన్ను పై అంతస్తులో చీరలకు ఫాల్స్ కుట్టే గదికి మార్చారు, అక్కడ పెద్ద కిటికీ ఉంది. జీతం అదే, ఉద్యోగం నిలబడింది, పిల్లలు బడికి పోతున్నారు, దేవునికే మహిమ! నొప్పి పూర్తిగా పోయిందా అంటే పోలేదు. మా అక్క నిన్న రాత్రి కూడా 'మొత్తం పోయిందని సెప్పు సెల్లే, సాక్ష్యం నిండుగ ఉంటది' అని నా వెంటపడింది. పోనిదాన్ని పోయిందని ఎలా చెప్పను? తగ్గింది, గోలీకి లొంగుతోంది. ధనలక్ష్మి ఇప్పటికీ బామ్ పట్టుకుని మెట్లెక్కి వస్తుంది, ఆ మెట్ల మీదే అరిచి వెనక్కి పంపిస్తాను. అయినా నేను విడుదల పొందాను. నాలో దయ్యముందనే భయం నుంచి, ఎవరినో అవమానించాననే నింద నుంచి నన్ను విడిపించినవాడు నా ప్రభువే, అది కూడా మా అక్క పోసిన నూనెతోనే విడిపించాడు, ఆయన పనులు అట్లా ఉంటాయి!

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. కొన్నాళ్ల తర్వాత సుజాతమ్మ దుకాణానికి వచ్చింది. సేటమ్మ ఎప్పుడూ పై అంతస్తుకు ఎక్కదు. ఆ రోజు ఎక్కి వచ్చి, నా కుట్టు మిషన్ పక్కన ఫాల్స్ గుడ్డల కట్ట మీద కూర్చుంది. నా చేయి పట్టుకుంది. 'ఎస్తేరూ, నిన్న ఆయన అగరుబత్తి ముట్టిచ్చే ముంగట నన్ను అడిగిండు. ఎలిగియ్యాల్నా, వద్దా, నీకు నెత్తి నొస్తదా అని. పెండ్లయిన కాడికెల్లి గిట్ల అడుగుడు గిదే మొదలు' అంది. అని ఆ గుడ్డల మీదే వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఆగలేదు. ఇద్దరం ఏడ్చాం. వెళ్లేముందు కళ్లు తుడుచుకుని, 'మీ దేవునికి నా దిక్కుకెల్లి దండం జెప్పు' అంది. ఆమె దండం ఆయనకు అప్పుడే చెప్పాను, ఈ రోజు మీ ముందు మళ్లీ చెబుతున్నాను.

కాబట్టి నా సహోదరులారా, నా అక్కచెల్లెళ్లారా, మీ పక్కన కూర్చున్న మనిషి నొప్పి అంటే ముందు నమ్మండి, తర్వాత ప్రార్థన చేయండి. మిమ్మల్ని ఎవరూ నమ్మని రోజు వస్తే మాత్రం ఆయన దగ్గరకు రండి, మంచి మాటలు దొరక్కపోతే కోపంతోనే రండి, నేను అట్లాగే వచ్చాను, నన్ను తోసెయ్యలేదు. ఇప్పుడు అయ్యగారు ప్రార్థన చేస్తారు. ఎవరికైనా తల నొస్తుంటే గట్టిగా ఆమేన్ అనక్కర్లేదు, కళ్లు మూసుకుని లోపలే అనుకోండి, ఆయనకు వినిపిస్తుంది.